చిప్పకూడు, కంపుకూడు

ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకసారి పక్కింటాయన సైకిలు అడక్కుండా తీసుకెళ్ళి పొద్దుగూకేదాకా ఊరంతా తిరిగొచ్చాను. మా నాన్న కొట్టలేదు. "ఇట్టాగే తిరుగు, చిప్పకూడు తిందువుగాని" అన్నాడంతే. ఆ చిప్ప ఏంటో నాకు తెలియదు. కొబ్బరిచిప్పలో అన్నం పెడతారేమో, అదేమంత పెద్ద శిక్ష అనుకుని అమ్మని అడిగితే "జైల్లో పెట్టే తిండిరా, నోర్మూసుకుని కాళ్ళు కడుక్కో పో" అంది.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, జపాన్ వాళ్ళు కూడా జైలుని తిండితోనే పిలుస్తారు. 'కుసాయ్ మెషి' అంటారు, కంపు కొట్టే అన్నం అని. ఫలానావాడు కుసాయ్ మెషి తిన్నాడంటే లోపలికెళ్ళొచ్చాడని అర్థం. బియ్యంలో బార్లీ కలిపి వండే అన్నం అది. వెటకారానికి మనం శ్రీకృష్ణ జన్మస్థానం అంటాం, అత్తారిల్లంటాం. వాళ్ళు 'బెస్సో' అంటారు, అంటే డబ్బున్నవాళ్ళు సెలవులకి వెళ్ళే విడిది బంగళా. (వేళాకోళం నిజమైపోవడం కూడా ఉంది. జపాన్‌లో నారా అనే ఊళ్ళో 1908లో ఎర్ర ఇటుకతో కట్టిన బాలనేరస్థుల జైలుని 2017లో మూసేశాక దాన్ని లగ్జరీ హోటల్‌గా మార్చే పనిలో పడ్డారు. మనం కూడా తక్కువ తిన్లేదు. 1796 నాటి సంగారెడ్డి పాత జైల్లో 500 రూపాయలు కట్టి 24 గంటలు ఖైదీలా ఉండొచ్చని 2016లో స్కీమ్ పెట్టారు. డబ్బులిచ్చి మరీ చిప్పకూడు.)

సరే, అసలు సంగతి. పోయిన నెల 'రెయిన్‌బో' మళ్ళీ చూశాను. పూర్తి పేరు 'రెయిన్‌బో: నిషా రొకుబో నో షిచినిన్', అంటే రెండో బ్లాకు ఆరో గదిలోని ఏడుగురు. 2010లో వచ్చిన యానిమే (జపాన్ వాళ్ళ బొమ్మల సిరీస్), మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది, 26 ఎపిసోడ్లు. మొదటిసారి చూసింది 2013లో, అమీర్‌పేట హాస్టల్లో, రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో. అప్పుడు నాకు ఉద్యోగం లేదు. మధ్యాహ్నం భోజనం మానేస్తే రాత్రికి మెస్సులో రెండు ప్లేట్లు లాగించొచ్చు అనే లెక్కలో బతుకుతున్న రోజులు. అందుకేనేమో ఆ సిరీస్‌లో కొట్టుకోవడం, ఏడవడం అంతా మర్చిపోయాను గానీ తిండి మాత్రం గుర్తుండిపోయింది.

కథ 1955లో మొదలవుతుంది. చేతులు కట్టేసి తీసుకొచ్చిన ఆరుగురు కుర్రాళ్ళు, పదహారు పదిహేడేళ్ళ వాళ్ళు, షోనాన్ ప్రత్యేక బాలల సంస్కరణాలయం అనే చోట దిగుతారు. దిగగానే బట్టలిప్పించి వైద్య పరీక్ష. ఆ డాక్టరు ససాకి చేసేది పరీక్ష కాదని మొదటి రెండు నిమిషాల్లోనే అర్థమైపోతుంది, కెమెరా అక్కడి నుంచి కదలదు, మనం కదులుతాం. తర్వాత ఇషిహారా అనే గార్డు. వాడి చేతిలో కర్ర ఉంటుంది, ఆ కర్ర ఉన్నంతసేపే వాడు మనిషి. ఆ ఆరుగురిని తీసుకెళ్ళి ఆరో నంబర్ గదిలో తోస్తారు. అక్కడ అప్పటికే ఒకడున్నాడు, సకురాగి రొకురోతా, వీళ్ళకంటే కాస్త పెద్దవాడు, బాక్సింగ్ తెలిసినవాడు. ఆరుగురూ వాడి మీద పడతారు. వాడు ఆరుగురినీ పడగొడతాడు. అక్కడి నుంచి వాళ్ళకి వాడు 'అన్-చాన్'.

సబ్‌టైటిల్స్‌లో దాన్ని 'బ్రో' అని ఒకచోట, పేరుతో ఇంకోచోట నానా రకాలుగా రాశారు. మనకి ఏ అనువాదమూ అక్కర్లేదు. అన్-చాన్ అంటే అన్న, అంతే. చెవికి కూడా అన్న అన్నట్టే వినిపిస్తుంది. ఆరుగురిలో ఒకడు దెబ్బలు తిని గోడకి ఒరిగి "అన్-చాన్" అన్నప్పుడు నాకు సబ్‌టైటిల్ చదవాల్సిన పని పడలేదు. మా హాస్టల్లో కూడా ఒకాయన్ని అందరం అన్నా అనేవాళ్ళం. పేరుతో పిలిచినట్టు గుర్తులేదు. మాకంటే నాలుగేళ్ళు పెద్ద, ప్రకాశం జిల్లా వైపు. నెలాఖరుకి ఎవడి మెస్సు బిల్లు కట్టలేదో ఆయనకి ఎలా తెలిసేదో తెలియదు, తెలిసేది. "నువ్వు తర్వాత ఇద్దువులే" అనేవాడు. నేను ఎప్పుడిచ్చానో, అసలు ఇచ్చానో లేదో కూడా గుర్తులేదు. సిగ్గుగానే ఉంది రాయడానికి.

ఏడుగురికీ మారుపేర్లున్నాయి, మన ఊళ్ళో ఉన్నట్టే. ఒకడు క్యాబేజీ, మనిషి భారీగా ఉంటాడు. ఒకడు హెయితాయ్, అంటే సిపాయి. మా ఊళ్ళో అయితే 'మిలిటరీ' అనేవాళ్ళు. 1954లోనే జపాన్ మళ్ళీ సైన్యం లాంటిది పెట్టుకుంది, దాన్ని సైన్యం అనకుండా ఆత్మరక్షణ దళం అంది, వీడికి అందులో చేరాలని. ఒకడు సుప్పొన్, అంటే మెత్తటి డిప్ప ఉండే తాబేలు. అది ఒకసారి కరిచిందంటే ఉరుము ఉరిమేదాకా వదలదని అక్కడ నానుడి. మన ఉడుంపట్టు అన్నమాట. బరెమోతో అనేవాడు కళ్ళజోడు పెట్టుకుని తెలివిగా ఉంటాడు, 'బరె' అంటే దొరికిపోవడం, పేరులోనే వాడి చరిత్ర ఉంది. మారియో చెయ్యి దురుసు, మనసు మెత్తన. ఇక జో, జుట్టు రంగు తేడా, మొహం తేడా, అక్కడ అది పెద్ద తప్పు.

జో గురించి ఒక ముక్క ఎక్కువ చెప్పాలి. 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయాక 1952 ఏప్రిల్ 28 దాకా ఆ దేశం అమెరికా సేనల ఆక్రమణలో ఉంది. సైనికులకీ జపాన్ ఆడవాళ్ళకీ పుట్టిన పిల్లల్ని ఇటు వాళ్ళూ తీసుకోలేదు, అటు వాళ్ళూ తీసుకోలేదు. సవాదా మికి అనే ఆవిడ 1948లో ఓయిసోలో ఎలిజబెత్ సాండర్స్ హోమ్ అని అలాంటి పిల్లల కోసం అనాథాశ్రమం పెట్టింది. ఓయిసో ఎక్కడుందో తెలుసా, షోనాన్ తీరంలోనే. కథలో సంస్కరణాలయం పేరు షోనాన్ అని ఊరికే పెట్టలేదనిపించింది. అదే తీరంలో, సరిగ్గా అవే రోజుల్లో, డబ్బున్న ఇళ్ళ కుర్రాళ్ళు పడవలేసుకుని, రంగు చొక్కాలేసుకుని తిరిగేవాళ్ళు. 1956 నాటికి వాళ్ళని 'తాయొజొకు' అని, సూర్యుడి తెగ అని పత్రికలు పిలవడం మొదలుపెట్టాయి. దేశం మొత్తం వాళ్ళ గురించే మాట్లాడుకుంది. ఈ ఏడుగురి గురించి ఎవరు మాట్లాడుకుంటారు?

ఈ కథ రాసింది జోజి అబే, బొమ్మలేసింది కకిజాకి మసాసుమి. యానిమేకి ముందు ఇది మాంగా, అంటే బొమ్మల కథల పుస్తకం, 22 సంపుటాలు. అబే 1937లో పుట్టాడు, అంటే 1955లో ఆయనకీ పద్దెనిమిదేళ్ళే. బళ్ళో చదివే రోజుల్లోనే యాకుజా (జపాన్ మాఫియా) గుంపులో చేరినవాడు, ఆ సంగతి దాచి కొన్నాళ్ళు జపాన్ ఎయిర్‌లైన్స్‌లో విమానంలో ప్రయాణికులకి భోజనాలు అందించే ఉద్యోగం కూడా చేశాడు (ఇది చదివినప్పుడు నేను గట్టిగా నవ్వేశాను), తర్వాత ఫుచూ జైల్లో కొన్నేళ్ళున్నాడు. ఆ అనుభవం మీద 1986లో రాసిన పుస్తకం విరగబడి అమ్ముడుపోయింది. 2019లో పోయాడు. అంటే ఈ కథలో గది కొలతలు, గార్డు అడుగుల చప్పుడు, తలుపు కింద నుంచి వచ్చే గిన్నె, ఇవి ఊహించి రాసినవి కావు. జపాన్ జైళ్ళలో పని చేసేటప్పుడు పక్కకి చూడటం కూడా నేరమే, దానికి 'వకిమి' అని పేరుంది. పక్కకి చూసినందుకు శిక్ష వేసే చోట బతికొచ్చినవాడే చూపుల గురించి అంత బాగా రాయగలడు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఈ సిరీస్‌ని అందరూ జైలు కథ అంటారు. నేనూ పదేళ్ళు అలాగే చెప్పాను. మళ్ళీ చూశాక నాకనిపించింది, ఇది లోపలికెళ్ళడం గురించి కాదు, బయటికి రావడం గురించి. లెక్కపెట్టుకుంటే దాదాపు సగం సిరీస్ గోడ బయటే జరుగుతుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు, "ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ ల్యాగ్" అని. ఒరేయ్ నాయనా, ఆ ల్యాగే కథ.

జపాన్ ఖైదీలు బయటి ప్రపంచాన్ని 'షాబా' అంటారు. "షాబాకి ఎప్పుడు వెళ్తావు", "షాబా గాలి" ఇలా. ఈ మాట ఎక్కడిదా అని వెతికితే మన సంస్కృతమే. బౌద్ధంలో ఈ లోకాన్ని 'సహా' లోకం అంటారు, ఓర్చుకోవాల్సిన చోటు అని, మన సహనంలో ఉన్న 'సహ' అదే. చైనా మీదుగా జపాన్ చేరి షాబా అయింది. జైల్లో ఉన్నవాడు స్వేచ్ఛని పిలుచుకునే మాటకి అసలు అర్థం ఓర్చుకునే చోటు! ఈ సంగతి తెలిశాక సెకండాఫ్ చూడండి.

అసలా పిల్లలు అక్కడికెలా చేరారో అర్థం కావాలంటే పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1945 మార్చి 10న ఒక్క రాత్రిలో టోక్యోలో బాంబుల మంటల్లో సుమారు లక్ష మంది పోయారు. పిల్లల్ని చాలామందిని అంతకుముందే పల్లెలకి పంపేశారు, పట్నంలో ప్రమాదమని. పిల్లలు మిగిలారు, అమ్మానాన్నలు పోయారు. 1948 ఫిబ్రవరిలో ప్రభుత్వం లెక్క తీస్తే అనాథలు 1,23,511 మంది తేలారు, అందులో ఒకినావా దీవుల లెక్క లేదు. టోక్యోలో ఉయెనో రైల్వే స్టేషన్ కింద సొరంగం దారిలో వరసగా పడుకునేవాళ్ళు. బూట్లు తుడిచేవాళ్ళు, వార్తాపత్రికలు అమ్మేవాళ్ళు. రోడ్డు మీద పడేసిన సిగరెట్ పీకలు ఏరి, విప్పి, ఆ పొగాకుతో కొత్తవి చుట్టి అమ్మేవాళ్ళు. ఆ పీకలు ఏరడానికి కూడా ఒక పేరుంది, 'మొకుహిరోయ్'. పేరు పుట్టిందంటే అది ఎంతమంది చేసే పనో ఊహించుకోవచ్చు.

ప్రభుత్వం వీళ్ళని లారీల్లో ఎక్కించుకుపోయేది. దాన్ని 'కరికోమి' అన్నారు, అంటే వేట. మనిషికి 'ఒకరు, ఇద్దరు' అనకుండా పశువుల్ని లెక్కపెట్టే మాటతో 'ఇప్పికి, నిహికి' అని తమని లెక్కపెట్టారని ఆ పిల్లలు ముసలివాళ్ళయ్యాక చెప్పారు. జపనీస్‌లో మనుషులకి ఒక లెక్క మాట, జంతువులకి ఇంకో లెక్క మాట ఉంటుంది. మనకీ ఉంది కదా, పిల్లల్ని 'ముగ్గురు' అంటాం, మేకల్ని 'మూడు' అంటాం. మిమ్మల్ని ఎవరైనా 'మూడు' అని లారీ ఎక్కించారనుకోండి, అలా. పట్టుకున్న వాళ్ళలో కొందరిని టోక్యో అఖాతంలో పాతకాలం నాటి ఫిరంగి దిబ్బ మీద పెట్టారు, ఈదుకుంటూ పారిపోలేరని. ఆ దిబ్బల పేరు మీదే ఇవాళ్టి ఒదైబా. మన యానిమే జనం జపాన్ వెళ్తే పెద్ద గుండమ్ రోబో బొమ్మ దగ్గర ఫొటో దిగుతారే, ఆ ఒదైబా.

ఆకలి ఎంతంటే, యమగుచి యొషితదా అని టోక్యోలో ఒక జడ్జి ఉండేవాడు. బ్లాక్ మార్కెట్ కేసులు చూసేవాడు. రేషన్‌తో బతకడం కుదరక దేశం మొత్తం బ్లాకులో కొనుక్కు తింటున్న రోజులు. బ్లాకులో కొన్నవాళ్ళకి శిక్ష వేస్తూ నేనెలా కొనుక్కు తింటానని ఆయన రేషన్ తప్ప ఏమీ ముట్టలేదు, అందులోనూ ఎక్కువ భాగం తన ఇద్దరు పిల్లలకే పెట్టాడు. 1947 అక్టోబర్ 11న పోయాడు, 33 ఏళ్ళు. దీన్ని తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఒకే ఆలోచన వస్తుంది. చట్టాన్ని అక్షరాలా పాటించిన జడ్జే ఆకలితో చచ్చిపోయిన దేశంలో, బతికున్న ప్రతివాడూ ఏదో ఒక నేరం చేసినట్టే కదా. మరి ఆ ఆరుగురే ఎందుకు లోపలున్నారు? 1951లో పోలీసులకి చిక్కిన బాలనేరస్థులు 1,66,000 దాటారు, యుద్ధం తర్వాత అది మొదటి శిఖరం. అంటే ఉయెనోలో పీకలేరిన వయసు పిల్లలే ఎదిగి అక్కడికొచ్చారు.

కాగితం మీద మాత్రం చట్టం బాగుంది. 1948లో కొత్త బాలల చట్టం, 1949 నుంచి కుటుంబ న్యాయస్థానాలు, సంస్కరణాలయం అంటే జైలు కాదు, దిద్దే చోటు అని. 'ప్రత్యేక' అనేది నిజంగానే అందులో ఒక రకం, పదహారు దాటి నేర స్వభావం బాగా ముదిరింది అనుకున్న వాళ్ళకి. కాగితానికీ గదికీ మధ్య ఇషిహారా ఉంటాడు, అదీ తేడా. "అబ్బే, ఇదంతా అతి, గార్డులు మరీ అలా ఉంటారా" అని నా ఫ్రెండొకడు అన్నాడు. యానిమే రావడానికి ఏడాది ముందు, 2009లో, హిరోషిమా బాలల సంస్కరణాలయంలో పిల్లల్ని హింసించారని సిబ్బందిని అరెస్టు చేశారు, దాని తర్వాతే సంస్కరణాలయాల చట్టాన్ని మొత్తంగా తిరగరాశారు. పెద్దవాళ్ళ జైళ్ళ సంగతి తీసుకుంటే, 1908 నాటి చట్టం 2000 దాటాక కూడా నడిచింది. నగోయా జైల్లో 2001, 2002లలో ఖైదీలు చనిపోయారు, ఒకరు ఫైరింజన్ గొట్టం లాంటి దాంతో కొట్టిన నీటి ధాటికి, ఒకరు నడుముకి బిగించిన తోలు పట్టీకి. అది బయటపడ్డాకే 2005లో చట్టం మారింది. అతి ఏమీ లేదు ఫ్రెండూ.

కానీ ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాను. ససాకీ, ఇషిహారా ఇద్దరూ మనుషుల్లా కాక రాక్షసుల్లా ఉంటారు, నవ్వితే పళ్ళు, చూస్తే కళ్ళు, మన పాత సినిమాల్లో విలన్ మందు గ్లాసు పట్టుకుని నవ్వినట్టు. నిజానికి మామూలుగా ఇంటికెళ్ళి పిల్లలకి లెక్కలు చెప్పే గార్డు అయితే ఇంకా భయమేసేది. ఇక ఆ నేపథ్య కథనం. ఒక ఆడగొంతు, అమ్మలాగా, మొత్తం కథ చెప్తూ ఉంటుంది. గొంతు బాగుంటుంది, కానీ మారియో ఏడుస్తున్నాడని మనకి కనబడుతూనే ఉంటుంది, ఆవిడ "మారియో గుండె బద్దలైంది" అన్నట్టు చెప్తుంది, అమ్మా, చూస్తున్నామమ్మా. ఆడవాళ్ళంటే ఒక నర్సు సెట్సుకో, జో చెల్లెలు మెగ్, ఇంచుమించు అంతే. వాళ్ళకి కూడా వీళ్ళ కోసం బాధపడటమే పని. కష్టం మీద కష్టం పేర్చడం కూడా కాస్త ఎక్కువే, పది, పదకొండు ఎపిసోడ్ల దగ్గర నేను ఆపేసి రెండు రోజులు ఏదో కామెడీ చూసుకున్నాను. టెన్షన్ తట్టుకోలేక.

తెలుసుకోవద్దనుకునేవాళ్ళు ఈ ఒక్క పేరా వదిలేయండి. ఏడుగురిలో ఒకరు సగంలోనే పోతారు. ఎవరో చెప్పను. 2013లో ఆ ఎపిసోడ్ చూసిన రాత్రి నేను, రూమ్మేట్ ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, వాడు లేచి లైటేశాడు, నేను ఆర్పాను. మిగతావాళ్ళు ఆ ఖాళీని మోసుకుంటూ షాబాలోకొస్తారు.

అక్కడేముంది? 1956లో ప్రభుత్వ ఆర్థిక నివేదికలో ఒక వాక్యం వచ్చింది, "మొహాయా సెంగో దెవా నాయ్", యుద్ధం తర్వాతి రోజులు ఇక అయిపోయాయి అని. నిజానికి అది రాసినవాళ్ళ ఉద్దేశం గొప్ప చెప్పుకోవడం కాదు, కోలుకోవడంతో వచ్చిన ఎదుగుదల అయిపోయింది, ఇక ముందు కష్టమే సుమా అని హెచ్చరిక. జనం మాత్రం పండగ కబురులా పట్టుకున్నారు. కొరియా యుద్ధం ఆర్డర్లతో ఫ్యాక్టరీలు లేచాయి, వీధుల్లో టీవీలు పెట్టారు, బాక్సర్ షిరాయ్ యొషియో 1952లో ప్రపంచ ఛాంపియనై ఓడిపోయిన దేశానికి ఊపిరి పోశాడు. రొకురోతాకి బాక్సింగ్ పిచ్చి ఎందుకో దాంతో అర్థమైపోతుంది. 1953లో సైనికుల పింఛన్లు మళ్ళీ మొదలయ్యాయి. బాంబుల్లో అమ్మానాన్నలు పోయిన పిల్లలకి మాత్రం ఏమీ రాలేదు. 2007లో వాళ్ళలో కొందరు, అప్పటికి డెబ్భై దాటినవాళ్ళు, కోర్టుకెళ్ళారు. 2013లో సుప్రీంకోర్టులో కూడా ఓడిపోయారు. నేను హాస్టల్లో కూర్చుని ఇది చూసిన సంవత్సరమే అది. అప్పుడు నాకు తెలియదు.

షాబాలో వీళ్ళకి దొరికిన పనులు చూస్తే తెలుస్తుంది. ఎక్కడికెళ్ళినా 'లోపలి నుంచి వచ్చినవాడు' అనే మాట ముందే చేరిపోతుంది. అప్పట్లో చేతిలో పనిలేని కూలీలు రక్తం అమ్ముకునేవాళ్ళు. మాటిమాటికీ అమ్మితే రక్తంలో ఎరుపు తగ్గిపోయి 'పసుపు రక్తం' అని పేరొచ్చింది. 1964లో అమెరికా రాయబారి రైషావర్‌ని ఒకడు కత్తితో పొడిస్తే ఆయనకి ఎక్కించిన రక్తం వల్ల కామెర్లు పట్టుకుని పెద్ద గొడవై, ఆ తర్వాతే ఆ అమ్మకాలు మెల్లమెల్లగా ఆగాయి. పేదవాడి రక్తం గురించి ప్రభుత్వానికి పట్టాలంటే అది రాయబారి ఒంట్లోకి వెళ్ళాలి. ఇది యానిమేలో లేదు, నేనే పక్కదారి పట్టాను, కానీ సెకండాఫ్ చూస్తుంటే నా బుర్ర అక్కడికే పోయింది.

ఇక ఈసారి ఎందుకు రాయాలనిపించిందో చెప్తాను. పోయిన నెల ఊరెళ్ళినప్పుడు రాత్రి భోజనాలయ్యాక హాల్లో టీవీకి పెట్టుకుని చూస్తున్నాను. మా నాన్న మామూలుగా కార్టూన్ అంటే లేచి వెళ్ళిపోతాడు. ఆ రోజు తలుపు దగ్గర ఆగాడు. తెర మీద ఏడుగురూ తలలొంచుకుని తింటున్నారు, గిన్నెలకి చేతులడ్డం పెట్టుకుని, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు. నాన్న అలాగే నిలబడి, "ఏ ఊరి పిల్లలురా వీళ్ళు" అన్నాడు. జపాన్ అన్నాను. "జపానోళ్ళకి కూడా కూడు లేదా" అన్నాడు. కూర్చున్నాడు.

ఆయనకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు, నేను ఒక్కో ముక్కా చెప్తూ వచ్చాను. యుద్ధం అయ్యాక బళ్ళో పిల్లలకి అమెరికా నుంచి వచ్చిన వెన్న తీసిన పాలపొడి కలిపి ఇచ్చేవాళ్ళట, 1946 డిసెంబర్ నుంచి, ఆ వాసనకి జపాన్ పిల్లలు ముక్కు మూసుకుని తాగేవాళ్ళట అని మాటల్లో అంటే, నాన్న గబుక్కున నా వైపు తిరిగాడు. "మాకూ పోశారు" అన్నాడు. బళ్ళో పెద్ద గంగాళంలో కాచేవాళ్ళట, గోధుమ నూక ఉప్మా కూడా పెట్టేవాళ్ళట, పళ్ళెం ఎవరిది వాళ్ళే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. పళ్ళెం లేని పిల్లలు బాదం ఆకులో పట్టించుకునేవాళ్ళు. "వాసనొచ్చేది. అయినా లైన్లో రెండోసారి నిలబడేవాణ్ణి. ఒకసారి మేష్టారు పట్టుకున్నాడు." పట్టుకుని ఏం చేశాడని అడిగాను. "ఏం చేస్తాడు, ఇంకో గరిటె ఏసి పొమ్మన్నాడు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఈయన కొడుకునై ఉండి ఈ ముక్క నేనెప్పుడూ వినలేదు.

రెండు ఎపిసోడ్లు చూశాడు. మధ్యలో ఇషిహారా వచ్చినప్పుడల్లా "వీడికి మూడింది" అంటూనే ఉన్నాడు. పదకొండవుతుండగా అమ్మ లోపల్నుంచి పడుకోండని కేకేస్తే లేచి, గుమ్మం దగ్గరికెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఆ పెద్దోడు, వాళ్ళన్న, బయటికొస్తాడా రాడా?"

"రేపు చూద్దాంలే నాన్నా" అన్నాను.

మర్నాడు తొమ్మిదింటికే వచ్చి కుర్చీ టీవీ ముందుకి లాక్కున్నాడు.